కంటి జబ్బులన్నిటినీ ఒకే గాటన కట్టకండి

హన్మకొండలోని ఒక కంటి దవాఖానలో చూపు పరీక్షించడం నా ఉద్యోగం. డాక్టరు గారి గదిలోకి వెళ్లే ముందు పేషెంట్లు నా ముందు కూర్చుంటారు; లోపల అడగడానికి మొహమాటపడిన ప్రశ్నలను బయటికి వచ్చాక నన్ను అడుగుతారు. ఈ మధ్య పరకాల వైపు నుంచి తల్లిని తీసుకొచ్చిన ఒకతను అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి. కుడి కంటిలో తడి రకం మాక్యులర్ డీజనరేషన్ ఉంది, అంటే కంటి వెనుక పొర రెటీనాలో నడిమి చూపునిచ్చే మాక్యులా చెడిపోతూ, అక్కడ కొత్తగా మొలిచిన నాళాలు కారుతున్నాయి; కంట్లోకి ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. అతను ఫోన్‌లో ఒక వీడియో చూపించి, సంచిలోంచి క్యాప్సూళ్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ముసలితనంల వచ్చే కండ్ల రోగాలన్నిటికి ఇన్‌ఫ్లమేషనే మూలమట సార్. ఈ గోలీలు దాన్నే తగ్గిస్తయట. ఇగ మా అవ్వకు సూదులు బంజేద్దమా?" అని అడిగాడు. డబ్బా మీద పసుపు సారం, మిరియాల సారం, చేప నూనె అని రాసి ఉంది.

ఆపవద్దని గట్టిగానే చెప్పాను, డాక్టరు గారితోనూ చెప్పించాను. కానీ ఎందుకు ఆపకూడదో వివరించడానికి ఆ రద్దీలో వీలు పడలేదు. ఆ వీడియోలోని మాట పచ్చి అబద్ధమైతే కొట్టిపారేయడం సులువు. అందులో నిజం ఉంది, ఆ నిజాన్ని శాస్త్రవేత్తలు ఎంతో కష్టపడి రాబట్టారు. దాని నుంచి తీసిన ముగింపు మాత్రం ఒక ముసలి తల్లి చూపును తీసుకుపోగలిగినంత తప్పు. నిజానికీ ఆ ముగింపుకూ మధ్య ఉన్న దూరం గురించే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెప్తాను. వయసుతో వచ్చే కంటి జబ్బుల్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే దెబ్బకో సూక్ష్మజీవికో శరీరం చూపే వాపు లాంటి ప్రతిస్పందన, పాత్ర ఉందన్నది నిలబడిన విషయమే. అయితే అది ఒక్కో జబ్బులో ఒక్కో చోట, ఒక్కో దశలో, ఒక్కో పాళ్లలో పనిచేస్తుంది; కొన్నిచోట్ల అది నడిపించేది, కొన్నిచోట్ల వెంట నడిచేది. కాబట్టి ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుందన్న ముద్ర చూసి ఏ మందునైనా, ఏ తిండినైనా కంటికి మంచిదని నమ్మడం ప్రమాదం. ఏ జబ్బు, ఏ పొర, ఏ దశ, చివరికి చూపు ఎంత మిగిలింది అన్న ప్రశ్నలకు జవాబు ఉన్నప్పుడే ఆ ముద్రకు విలువ ఉంటుంది.

మాక్యులా అడుగున జరిగేది

ముందు ఆ వీడియోకు దక్కాల్సిన న్యాయం దక్కాలి. రెటీనాలో కాంతిని పట్టే కణాలు రోజూ తమ కొసల్లో సుమారు పదో వంతు విడిచేసి, కొత్తవి పెంచుకుంటాయి. ఆ విడిచిన భాగాలను మింగి అరిగించే పని వాటి అడుగున ఒకే వరసగా పరచుకున్న పిగ్మెంట్ కణాలది. ఈ కణాలు మన జీవితంలో మళ్లీ మళ్లీ పుట్టవు. ఇరవై ఏళ్ల వయసులో పని చేసినవే ఎనభై ఏళ్లకూ ఆ పనే చేయాలి. పైగా రెటీనా శరీరంలోకెల్లా ఎక్కువ ఆక్సిజన్ వాడుకునే భాగాల్లో ఒకటి, దాని మీద రోజంతా వెలుగు పడుతూనే ఉంటుంది. ఇన్ని దశాబ్దాల చాకిరిలో అరగని వ్యర్థం కొంత కణాల లోపల పేరుకుంటుంది, కొంత వాటి కిందనున్న బ్రుక్ పొర మీద చేరుతుంది. ఆ పొర కూడా వయసుతో మందమై, రక్తం నుంచి రావలసినది రానివ్వదు, పోవలసినది పోనివ్వదు. కంటి వెనుక భాగానికి తీసే ఫండస్ ఫొటోలో లేత పసుపు చుక్కలుగా మాకు కనిపించే డ్రూసెన్ ఈ పేరుకున్న వ్యర్థమే.

చాలాకాలం డ్రూసెన్‌ను వట్టి చెత్తగానే చూశారు. దాన్ని విడదీసి పరిశీలించినప్పుడు అందులో రోగనిరోధక వ్యవస్థకు చెందిన కాంప్లిమెంట్ ప్రోటీన్లు బయటపడ్డాయి. రక్తంలో తిరిగే ఈ ప్రోటీన్ల గుంపు సూక్ష్మజీవులకూ చచ్చిన కణాలకూ గుర్తు పెట్టి, వాటిని తుడిచిపెట్టే కణాలను పిలుస్తుంది, అవసరమైతే తానే పొరలకు రంధ్రాలు చేస్తుంది. మన సొంత కణాల మీద ఈ దాడి జరగకుండా అదుపు చేసేది ఫ్యాక్టర్ హెచ్ అనే మరో ప్రోటీన్. 2005లో కొద్ది వారాల తేడాతో నాలుగు పరిశోధక బృందాలు ఒకే సంగతి ప్రకటించాయి: ఫ్యాక్టర్ హెచ్‌లో 402వ స్థానంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు హిస్టిడిన్ అనే మరొకటి ఉన్నవారికి మాక్యులర్ డీజనరేషన్ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. వాటిలో ఒక పరిశోధనలో 96 మంది రోగులు, పోల్చడానికి 50 మంది మాత్రమే ఉన్నారు. అంత చిన్న గుంపులోనే పట్టుబడిందంటే ఆ జన్యు ప్రభావం ఎంత బలమైనదో తెలుస్తుంది. మరుసటి ఏడాదే, 2006లో, హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు మన దేశపు రోగుల్లోనూ ఆ మార్పుకు జబ్బుతో సంబంధం ఉందని చూపారు.

ముసలితనపు అరుగుదల అని పక్కన పెట్టేసిన జబ్బులో రోగనిరోధక వ్యవస్థ వేలు ఉందని దీనితో తేలింది. ఇది చిన్న సంగతి కాదు.

అయినా ఇక్కడే నాకు మొదటి సందేహం. జపాన్ వారిలో ఈ 402వ స్థానపు మార్పు చాలా అరుదు, అయినా అక్కడ మాక్యులర్ డీజనరేషన్ ఉంది. పదో క్రోమోజోము మీద ఆర్మ్స్2, హెచ్‌టీఆర్‌ఏ1 అనే జన్యువుల దగ్గర మరో బలమైన ప్రమాద స్థానం ఉంది; దాని పని ఏమిటన్న దాని మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి, దాన్ని కాంప్లిమెంట్ ఖాతాలో తేలిగ్గా రాసేయడానికి లేదు. అంటే ఒకే పేరున్న ఈ ఒక్క జబ్బుకే దారులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. అటువంటప్పుడు శుక్లాలు, నీటికాసులు (గ్లాకోమా), షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బు, కంటి పొడిబారడం అన్నిటికీ ఒకే మూలం చెప్పేవారి మాట ఎంత దూరం నిలుస్తుంది?

శుభ్రం చేసే పనే చెడుపు చేసినప్పుడు

ఇన్‌ఫ్లమేషన్‌కు ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు గుర్తులను రోమన్ కాలంలోనే సెల్సస్ అనే రచయిత రాసిపెట్టాడు. కండ్లకలక వచ్చినవాడిలో అవన్నీ కనిపిస్తాయి. మాక్యులర్ డీజనరేషన్ ఉన్న పెద్దమనిషి కంట్లో ఒక్కటీ కనిపించదు. కన్ను తెల్లగా ఉంటుంది, నొప్పి ఉండదు, కన్నీరు కారదు. ఇక్కడ జరిగేది ఏళ్ల తరబడి సాగే సన్నపాటి ప్రతిస్పందన. వయసు పెరిగేకొద్దీ శరీరమంతటా ఇటువంటి స్థాయి పెరుగుతుందని ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో ప్రతిపాదించాడు. ఆరోగ్యానికీ పూర్తి ఇన్‌ఫ్లమేషన్‌కూ నడుమ, అలసిన కణజాలాన్ని సరిదిద్దడానికి ఉండే మెట్టు ఒకటుందని 2008లో రుస్లాన్ మెద్జిటోవ్ అనే శాస్త్రవేత్త వివరించాడు. రెటీనాలో ఆ పనికి మైక్రోగ్లియా అనే కణాలున్నాయి. మామూలుగా అవి లోపలి పొరల్లోనే ఉండి పహరా కాస్తాయి; వయసు మీదపడ్డ కంటిలో కాంతిని పట్టే కణాల అడుగుకు చేరుతాయి.

నేను నొక్కి చెప్పదలచినది ఇదే. ఆ కణాలు అక్కడికి చేరేది చెత్త తీయడానికే. కాంప్లిమెంట్ మేలుకునేదీ చచ్చిన భాగాలకు గుర్తు పెట్టడానికే. మురికి కాలువలో పూడిక తీసి గట్టు మీదే పోసి వెళ్తే తర్వాతి వానకు అదంతా మళ్లీ కాలువలోకే చేరినట్టు, తీసిన వ్యర్థం బయటికి పోయే దారి మూసుకున్నాక ఈ శుభ్రం చేసే పని ఎడతెగక సాగి చుట్టుపక్కల కణాలనూ దెబ్బతీస్తుంది. ఆ పనిని పూర్తిగా ఆపేస్తే దారి తెరుచుకోదు. ఎంత ఆపాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే చిక్కు.

కన్ను తన వంతుగా ఈ చిక్కును ముందే కొంత పరిష్కరించుకుంది. కంటి లోపల నాటిన పరాయి కణజాలం మిగతా శరీరంలో కంటే ఎక్కువ కాలం బతుకుతుందన్న పాత గమనికకు 1948లో శాస్త్రవేత్త పీటర్ మెడావర్ కుందేళ్ల మీద చేసిన ప్రయోగాలు బలమిచ్చాయి. చిన్న గొడవకే వాచిపోతే చూపు నిలవదు కాబట్టి కన్ను తనలోని రోగనిరోధక చర్యను ఎప్పుడూ తగ్గించి ఉంచుకుంటుంది. అంటే కంటికి ఇన్‌ఫ్లమేషన్‌ను అణచే సొంత ఏర్పాటు ఇప్పటికే ఉంది; వయసుతో సడలేది ఆ ఏర్పాటే. ఏదో ఒక క్యాప్సూల్ మింగి రక్తమంతటా ఒక రసాయనాన్ని పెంచితే ఆ సున్నితమైన అమరిక తిరిగి కుదురుతుందని అనుకోవడానికి నాకు ఆధారం కనిపించలేదు. పసుపు మన వంటలో ఉంది, ఉండాలి కూడా. కానీ అందులోని కర్క్యుమిన్ నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ, రెటీనా అడుగుకు చేరేది అంతకంటే తక్కువ.

మందులు చెప్పిన పాఠం

కాంప్లిమెంటే దోషి అయితే దాన్ని అడ్డుకునే మందు జబ్బును ఆపాలి. ఈ పరీక్ష జరిగింది, ఫలితాలు మన ముందున్నాయి. కాంప్లిమెంట్ గుంపులోని ఫ్యాక్టర్ డి అనే ప్రోటీన్‌ను అడ్డుకునే లాంపాలిజుమాబ్ మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. 2017లో రెండు పెద్ద పరీక్షల్లో అది విఫలమైంది. తర్వాత అదే గుంపులోని సీ3ని అడ్డుకునే పెగ్‌సెటకోప్లాన్‌కు 2023 ఫిబ్రవరిలో, సీ5ని అడ్డుకునే అవాసిన్‌క్యాప్టాడ్‌కు అదే ఏడాది ఆగస్టులో అమెరికా అనుమతి వచ్చింది. రెండూ పొడి రకం (నాళాలు కారని రకం) జబ్బు ముదిరి రెటీనా మచ్చలుగా చచ్చిపోయే దశకు, కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు. పెగ్‌సెటకోప్లాన్‌ను రెండేళ్లపాటు నెలనెలా ఇస్తే ఆ మచ్చ పెరిగే వేగం సుమారు ఐదో వంతు తగ్గింది.

ఈ ఫలితాన్ని నేను చిన్నచూపు చూడను. ఇరవై ఏళ్ల కింద ఈ దశలో ఉన్నవారికి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కానీ మచ్చ నెమ్మదించిందని ఫొటోలు చెప్తున్నా, చార్టు మీద అక్షరాలు చదవడంలో మందు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2024లో పెగ్‌సెటకోప్లాన్‌కు అనుమతి నిరాకరించింది. రోగి రోజువారీ జీవితంలో పనికొచ్చే మేలు రుజువు కాలేదన్నది దాని వాదన. పైగా ఈ మందులు వాడిన కళ్లలో కొన్ని తడి రకం జబ్బుకు మళ్లాయి. పెగ్‌సెటకోప్లాన్ తీసుకున్న కొద్దిమందిలో రెటీనా రక్తనాళాలే వాచి చూపు పోయిన ఘటనలు 2023లో బయటపడ్డాయి. ఇన్‌ఫ్లమేషన్‌ను ఆపడానికి ఇచ్చిన మందు తీవ్రమైన ఇన్‌ఫ్లమేషన్ తెచ్చిందంటే, ఆ పేరు పెట్టి ఏదైనా అమ్మేవారు ఒక్క క్షణం ఆగాల్సిన విషయం అది.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, దాన్ని నేను తోసిపుచ్చలేను. మందు ఇచ్చింది జబ్బు ముదిరాక కదా, కణాలు చచ్చాక కాంప్లిమెంట్‌ను ఆపితే ఏం లాభం, డ్రూసెన్ చిన్నగా ఉన్నప్పుడే ఆపి చూడాలి అంటారు. ఇది సబబైన మాటే. కానీ చిన్న డ్రూసెన్ ఉన్నవారిలో ఎక్కువమందికి చూపు ఎప్పటికీ పోదు. వాళ్లందరి కళ్లలోకి ఏళ్ల తరబడి సూదులు దించడం కుదరదు. ఎవరి జబ్బు ముదురుతుందో ముందే పోల్చగలిగినప్పుడే ఆ ఆలోచనకు దారి ఉంటుంది.

నోటి మందుల సంగతికి వస్తే, 2001లో వచ్చిన ఏరెడ్స్ పరిశోధన మధ్యస్థ దశకు చేరినవారికి విటమిన్ సీ, ఈ, బీటా కెరోటిన్, జింకు, రాగి కలిపి ఇస్తే ఐదేళ్లలో జబ్బు ముదిరే అవకాశం 25 శాతం తగ్గుతుందని తేల్చింది. బీటా కెరోటిన్ పొగ తాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పెంచుతుందని తెలిసినందున, 2013 నాటి రెండో పరిశోధనలో దాని స్థానంలో ల్యూటిన్, జియాజాంతిన్ వచ్చాయి. అదే పరిశోధనలో, ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుందని పేరున్న చేప నూనెలోని ఒమేగా-3ను కూడా కలిపి చూశారు. అదనంగా ఏ మేలూ కనిపించలేదు. పరకాల తల్లి డబ్బాలో ఉన్నది ఆ చేప నూనే. పైగా ఆమెకు ఉన్నది తడి రకం. అక్కడ కొత్తగా మొలిచిన రక్తనాళాల నుంచి కారే నీరు, రక్తం ఓసీటీ అనే స్కాన్‌లో కంటికి కనబడుతుంటాయి. వాటిని మొలిపించే వీఈజీఎఫ్ అనే సంకేతాన్ని ఇంజెక్షన్ అడ్డుకుంటుంది. 2006లో రానిబిజుమాబ్ అనే ఇటువంటి ఇంజెక్షన్ వచ్చేదాకా ఈ జబ్బుతో చూపు కోల్పోవడమే తప్ప నిలుపుకోవడం అరుదు. అంతకుముందు 2003లో ఆస్ట్రేలియాలో ఇదే జబ్బుకు కంట్లోకి స్టెరాయిడ్ ఇచ్చి చూశారు. తీవ్రంగా చూపు పోవడాన్ని అది ఆపలేకపోయింది. ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడంలో స్టెరాయిడ్‌ను మించింది ఏముంది? దానితోనే పని జరగని చోట క్యాప్సూల్‌తో జరుగుతుందని ఒక కొడుకును నమ్మించడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

నిజంగా పనిచేసే చోట్లు

అంత మాత్రాన ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే వైద్యమే దండగ అనడం నా ఉద్దేశం కాదు. కంటి పొడిబారడంలో అది నేరుగా నడిపించే శక్తి. నిపుణులు 2017లో ఆ జబ్బుకు ఇచ్చిన నిర్వచనంలోనే కంటి పైపొర ఇన్‌ఫ్లమేషన్‌కు చోటు దక్కింది. ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు వారాలు, నెలలు ఓపికగా వేసుకున్నవారిలో మార్పును నేనే చూశాను. శుక్లం ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు వేసే స్టెరాయిడ్ చుక్కలు కూడా అవసరమైనవే.

షుగర్ జబ్బు మరింత ఆలోచింపజేసే ఉదాహరణ. అందులో తెల్ల రక్తకణాలు రెటీనా సన్న నాళాల గోడలకు అతుక్కుని దారి మూస్తాయి, గోడలు కారతాయి, మాక్యులాలో నీరు చేరుతుంది. కీళ్లవాతానికి ఆస్పిరిన్ ఎక్కువగా వాడే షుగర్ రోగుల్లో రెటీనా జబ్బు తక్కువగా ఉన్నట్టు 1960లలోనే గమనించారు. మరి ఆస్పిరిన్ ఇస్తే సరిపోతుందా? రోజుకు 650 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన పెద్ద పరిశోధన 1991లో ఫలితం చెప్పింది: రెటీనా జబ్బు మీద దాని ప్రభావం ఏమీ లేదు. అదే జబ్బులో కంట్లోకి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రం కొందరికి పనిచేస్తుంది. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. సహజ లెన్సు ఉన్న కంట్లో అది శుక్లం తెస్తుంది, కంటి ఒత్తిడి పెంచుతుంది. శుక్లం ఆపరేషన్ ముందే అయిపోయిన కంట్లో ఫలితం మెరుగ్గా ఉంటుంది. జబ్బు ఒకటే, ఇన్‌ఫ్లమేషన్ ఒకటే, అయినా ఒక చిన్న తేడాతో మందు లెక్క తారుమారవుతుంది.

శుక్లాల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. లెన్సుకు రక్తనాళాలే లేవు. వయసుతో, ఎండతో, పొగతో, షుగర్‌తో దానిలోని ప్రోటీన్లు గడ్డకట్టి మసకబారతాయి. ఇన్‌ఫ్లమేషన్ దానికి ప్రధాన కారణం కాదు. నీటికాసుల్లో దాని పాత్ర మీద పరిశోధన సాగుతోంది. రుజువైన వైద్యం మాత్రం ఇప్పటికీ కంటి ఒత్తిడిని తగ్గించడమే.

జేబులో చుక్కల సీసా

పైపైన నమ్మిన ఒక మాట చేసే నష్టం మా ఊళ్లో ఎలా ఉంటుందో ఒక మనిషిని చూపించి చెప్పాలి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ నడిచేటప్పుడు యార్డు లోపలికి వెళ్లినవారికి ఆ ఘాటు తెలుసు. బస్తా మీద బస్తా దించే హమాలీల కళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మండుతూనే ఉంటాయి. అలా ఏళ్ల తరబడి పని చేసిన ఒక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చాడు. అంగీ జేబులోంచి పాలిథిన్ కాగితంలో చుట్టిన చిన్న సీసా తీశాడు. చెమటకు లేబుల్ మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి, మిగిలిన సగంలో డెక్సామెథసోన్ అన్న స్టెరాయిడ్ పేరు కనిపించింది. "ఇది ఏస్తె ఎర్రదనం తెల్లారేసరికి పోతది సారూ. దుకాణంల అడిగితె ఇస్తరు. గింత అగ్గువకు గింత మంచి మందు ఇంకోటి లేదు," అన్నాడు. ఎన్నాళ్ల నుంచి వాడుతున్నావు కాకా అంటే, మిర్చి వచ్చిన ప్రతిసారీ అన్నాడు, తర్వాత కొంచెం ఆగి, మిర్చి లేనప్పుడు కూడా అన్నాడు.

అతని కంటి ఒత్తిడి కొలిచాను. మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరసం) మధ్య ఉండాల్సినది రెండు కళ్లలోనూ ఎంతో పైన ఉంది. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేస్తే సుమారు మూడింట ఒకవంతు మందిలో ఎంతో కొంత ఒత్తిడి పెరుగుతుంది, కొద్దిమందిలో ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కంటి నరం నొప్పి లేకుండా, ఎరుపు లేకుండా చచ్చిపోతుంది, పోయిన చూపు తిరిగి రాదు. ఆ చుక్కలు అతని ఇన్‌ఫ్లమేషన్‌ను నిజంగానే తగ్గించాయి. అద్దంలో చూసుకున్న ప్రతిసారీ కన్ను తెల్లగా, నిమ్మళంగా కనిపించింది. ఆ తెల్లదనం వెనుకే నరం పోతూ వచ్చింది.

డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. అతను కొన్న దుకాణం మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. అటువంటి సీసా చీటీ అడగకుండా చేతిలో పెట్టే అలవాటు ఒక్క దుకాణానిది కాదు. నాకు బాధ కలిగించేది మరొకటి. ఎరుపు తగ్గడమే జబ్బు తగ్గడమని అతనికి ఎవరూ విడమరచి చెప్పకుండానే అర్థమైపోయింది. క్యాప్సూళ్ల డబ్బా వెనుక ఉన్న ఆలోచనా సరిగ్గా అదే: ఇన్‌ఫ్లమేషన్ చెడ్డది, కాబట్టి తగ్గించేదేదైనా మంచిది.

పొగ గురించి ఎవరూ వీడియో చేయరు

ఇన్‌ఫ్లమేషన్ గురించి అంత బెంగ ఉన్నవాళ్లు మన ప్రాంతంలో మొదట మాట్లాడాల్సింది బీడీ గురించి. భూపాలపల్లి, ములుగు అడవుల్లో ఎండాకాలం తునికాకు కోస్తారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు లెక్కలేనన్ని ఇళ్లలో ఆడవాళ్ల చేతుల మీద అది బీడీ అవుతుంది. ఆ పని మీద బతికే కుటుంబాలను నేను తప్పుపట్టను. కానీ మాక్యులర్ డీజనరేషన్‌కు మన చేతిలో ఉన్న కారణాల్లో అన్నిటికంటే బలమైనది పొగ. తాగేవారికి తాగనివారికంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ ప్రమాదం. పొగ రెటీనాను రక్షించే నిల్వలను హరించి ఆక్సీకరణను పెంచుతుంది, కాంప్లిమెంట్‌ను ఉసిగొల్పుతుంది. ఇన్‌ఫ్లమేషన్ సిద్ధాంతం నుంచి నేరుగా వచ్చే సలహా ఏదైనా ఉందంటే అది బీడీ మానడమే.

దీనికి దగ్గరి సాక్ష్యమూ ఉంది. 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన కంటి జబ్బుల సర్వేలో పదివేల మందికి పైగా పరీక్షించారు. అందులో ఒక ప్రాంతం అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ముధోల్. ఎక్కువగా చుట్ట తాగేవారిలో మాక్యులర్ డీజనరేషన్ ఎక్కువగా ఉందని ఆ సర్వేలో తేలింది. ఈ సంగతి ముధోల్‌లోనో మహదేవపూర్‌లోనో చుట్ట కాల్చే తాతకు ఎవరైనా చెప్పారా? ఊపిరితిత్తులకు చెడు అని చెప్తాం, గుండెకు చెడు అని చెప్తాం. కంటికి చెడు అని చెప్పినప్పుడు మాత్రం ఎదుటివాళ్ల ముఖంలో వచ్చే మార్పు వేరుగా ఉంటుంది. మనవడి ముఖం కనిపించకుండా పోతుందన్న మాట క్యాన్సర్ కంటే దగ్గరగా తాకుతుందేమో. మా దగ్గర నేను చేసే పని చిన్నదే అయినా, ఆ ఒక్క వాక్యం మాత్రం బీడీ వాసన వచ్చే ప్రతి చొక్కాకూ చెప్తాను.

దీనికీ ఒక అభ్యంతరం విన్నాను. జన్మలో బీడీ ముట్టని మా అమ్మమ్మకు ఎందుకొచ్చింది అని ఒకామె నిలదీసింది. రావచ్చు. వయసు, జన్యువు మన చేతిలో లేవు. పొగ మానితే రాదని కాదు, వచ్చే అవకాశం తగ్గుతుందని మాత్రమే అంటున్నాను. తోటకూర, పాలకూర, మునగాకు తింటే మంచిదన్నదీ అంతే జాగ్రత్తగా చెప్పాల్సిన మాట; వాటిలో ల్యూటిన్ ఉంది, అవి పళ్లెంలో ఉండటం మేలు, కానీ కారుతున్న రక్తనాళానికి అవి వైద్యం కావు.

ఆపరేషన్‌కు ముందు అడగాల్సింది

మన దగ్గర చూపు మందగించిన ప్రతి పెద్దమనిషికీ ఇంటివాళ్లు చెప్పే మొదటి మాట మోతెబిందు. చాలాసార్లు నిజమే. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు కార్యక్రమం ఊరూరా అద్దాలు పంచింది, శుక్లాలు గుర్తించింది. అంత విస్తృతంగా జనం కళ్లు చూడటం మంచి పని, దాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. అయితే శుక్లం తీసేశాక కూడా చూపు రాని కొద్దిమంది గురించి మనం తగినంత మాట్లాడం. "పొర తీసిన్రు బిడ్డా, పక్కకు జూస్తె కోడి కూడ గనిపిస్తది, ఎదురుంగ మనిషి నిలబడితె మొకం ఉండది," అని ఒక అవ్వ నాతో అంది. ఆమె మాటల్లో మాక్యులా జబ్బు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఆపరేషన్ బాగానే జరిగింది. వెనుక ఉన్న మచ్చ సంగతి ముందే చెప్పి ఉంటే ఆమె ఊళ్లో ఆపరేషన్ పాడైందన్న పుకారు పుట్టేది కాదు, ఆమె పక్కింటావిడ తన శుక్లాన్ని రెండేళ్లు వాయిదా వేసేది కాదు.

అందుకే పెద్దవాళ్లను ఆపరేషన్‌కు తీసుకొచ్చేవారు డాక్టరును ఒక ప్రశ్న తప్పక అడగాలని కోరుతున్నాను: కంటి వెనుక పొర చూశారా, ఎలా ఉంది? శుక్లం మరీ ముదరకపోతే చుక్కలు వేసి పాప పెద్దది చేసి చూడవచ్చు, ఓసీటీ తీయవచ్చు. ముదిరిపోతే కాంతి లోపలికి పోదు, అప్పుడు బి-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ పరీక్షతో రెటీనా ఊడిందో లేదో తెలుస్తుంది గానీ మాక్యులా మీది చిన్న మచ్చలు తెలియవు. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు వెనుక పొరను మళ్లీ చూపించుకోవాలి. ఇక డ్రూసెన్ ఉందని చెప్పించుకున్నవారు ఆమ్స్‌లర్ గళ్ల చార్టును గోడకు అంటించుకుని, చదువుకునే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో నడిమి చుక్కను చూడాలి, తర్వాత కన్ను మార్చాలి. రెండు కళ్లతో కలిపి చూస్తే మంచి కన్ను చెడ్డ కంటిని కప్పేస్తుంది. గీతలు వంకరపోయినా, నడుమ గళ్లు మాయమైనా అది పొడి రకం తడి రకంగా మారుతున్న గుర్తు కావచ్చు. అప్పుడు వచ్చే నెల చెకప్ దాకా ఆగకుండా, ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.